మిలోషెవిచ్ గురించి 40 నిమిషాలు మాట్లాడాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏలూరురోడ్డు అడిగారు:

వచ్చే ఆదివారం సాయంత్రం లెనిన్ సెంటర్ దగ్గర మా చదువరుల బృందంలో మాట్లాడే వంతు నాది. విషయం స్లొబొదాన్ మిలోషెవిచ్, యుగోస్లావియా ముక్కలైన రోజుల్లో సెర్బియాని ఏలిన నాయకుడు. వచ్చేది 20, 25 మంది. సగం మంది గ్రూప్-1కి చదివే పిల్లలు, మిగతావాళ్లు బెజవాడలో ఎర్రజెండా రాజకీయాలు పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పెద్దలు. అంచేత "కమ్యూనిస్టుగా ఉండి జాతీయవాది అయ్యాడు, యుద్ధాలు చేయించాడు, హేగ్ జైల్లో పోయాడు" అని నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటే ఊరుకోరు. ఒక పెద్దాయన అప్పుడే ఫోన్ చేసి అడిగేశారు: "ప్రజల ఓటుతో గెలిచిన మనిషి కాదు, కమిటీలో కూర్చునే మనిషి. అలాంటివాడు రెండు మూడేళ్లలో సెర్బియా మొత్తాన్ని ఎలా గుప్పిట్లో పెట్టుకున్నాడు? అది చెప్పవోయ్, మిగతాది పేపర్లో చదువుకున్నాం."

నా అనుమానాలు ఇవి. 1987లో ఒకే ఒక్క మాటతో నాయకుడైపోయాడంటారు, నిజమేనా? అంత ఘోరమైన ద్రవ్యోల్బణం వచ్చినా 1993లో ఎందుకు పడిపోలేదు? 2000లో ఎన్నిక మార్చేద్దామనుకుని ఎందుకు మార్చలేకపోయాడు? చివరిది, "హేగ్ కోర్టు మిలోషెవిచ్‌ని నిర్దోషిగా తేల్చింది" అని వాట్సాప్‌లో తిరుగుతోంది, దానికి ఏం జవాబు చెప్పాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. తేదీలు తప్పితే పిల్లలు పట్టేస్తారు.


బ్రాడీపేట_4/14 రాసింది:

ఆ పెద్దాయన సరైన చోట పట్టుకున్నారండీ. ఈ కథని ఉపన్యాసాలతో మొదలుపెడితే దారి తప్పుతాం. మీరు బోర్డు మీద ముందు 8 అని ఒక అంకె వేయండి.

1974 రాజ్యాంగం ప్రకారం యుగోస్లావియాలో 6 రిపబ్లిక్కులు: స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా, సెర్బియా, మాంటెనెగ్రో, మాసిడోనియా. సెర్బియా లోపలే రెండు స్వయంప్రతిపత్తి ప్రాంతాలు, ఉత్తరాన వోయ్వొదీనా, దక్షిణాన అల్బేనియన్లు ఎక్కువగా ఉండే కోసోవో. 1980 మే 4న, దేశాన్ని దశాబ్దాలుగా ఏలిన టిటో పోయాక దేశానికి ఒక్క పెద్ద తల అంటూ లేదు. ఈ 8 చోట్ల నుంచి తలా ఒకరు కూర్చునే అధ్యక్ష మండలి, అందులో ఏడాదికొకరు వంతు ప్రకారం అధ్యక్షుడు. సెర్బియా తన రాజ్యాంగం తాను మార్చుకోవాలన్నా వోయ్వొదీనా, కోసోవో ఒప్పుకోవాలి. మన వాళ్లకి అర్థం కావాలంటే ఇలా చెప్పండి: రాయలసీమకీ ఉత్తరాంధ్రకీ ఢిల్లీలో విడిగా ఒక్కో ఓటు ఉండి, అమరావతిలో చేసే సవరణని అవి ఆపగలిగితే ఎలా ఉంటుందో అలా. సెర్బియాలో చాలామందికి ఇది మంటగా ఉండేది. ఆ మంటని మిలోషెవిచ్ పుట్టించలేదు, ఓట్ల లెక్కలోకి దించాడు. మిగతా కథంతా ఆ లెక్కే.

ఇక మనిషి. 1941లో పొజారెవత్స్‌లో పుట్టాడు. బెల్‌గ్రేడ్‌లో లా చదివాడు. అక్కడ పరిచయమైన ఇవాన్ స్టాంబోలిచ్ ఐదేళ్లు పెద్ద, పార్టీ కుటుంబం నుంచి వచ్చినవాడు. ఆయన ఖాళీ చేసిన కుర్చీలోకి ఈయన జరుగుతూ వచ్చాడు: ముందు టెహ్నోగాస్ అనే గ్యాస్ సంస్థ, ఆ తర్వాత 1984లో బెల్‌గ్రేడ్ నగర కమిటీ, 1986లో సెర్బియా పార్టీ అధ్యక్షత. మధ్యలో 1978 నుంచి 1982 దాకా బెయోబాంకా అనే పెద్ద బ్యాంకుకి అధ్యక్షుడు. ఈ బ్యాంకు సంగతి గుర్తుపెట్టుకోండి, డబ్బు ఎక్కడ పుడుతుందో తెలిసిన మనిషి అని తర్వాత పనికొస్తుంది.

1987 ఏప్రిల్ 24 ఘట్టం అందరికీ తెలిసిందే. కోసోవో పోల్యే అనే ఊళ్లో, లోపల సమావేశం, బయట సెర్బుల గుంపు, పోలీసుల లాఠీలు. బయటికొచ్చి "మిమ్మల్ని ఎవరూ కొట్టడానికి వీల్లేదు" అన్నాడు. ఆ ముక్కని బెల్‌గ్రేడ్ టీవీ మళ్లీ మళ్లీ చూపించింది. పిల్లలకి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. నాలుగు రోజుల ముందే ఆయన అక్కడికి వెళ్లొచ్చాడు, మళ్లీ వస్తానని మాటిచ్చాడు. పోలీసుల మీద పడ్డ రాళ్లు ముందే లారీలో తెచ్చి సిద్ధంగా ఉంచుకున్నవని అక్కడి నిర్వాహకుడే తర్వాత కెమెరా ముందు ఒప్పుకున్నాడు.

అయితే ఆ మాటతో నాయకుడైపోలేదు. అసలు పని సెప్టెంబరు 23, 24 తేదీల్లో జరిగింది. సెర్బియా పార్టీ కేంద్ర కమిటీ 8వ సమావేశం. మీరు కనీసం ఐదు నిమిషాలు దీనికివ్వాలి. బెల్‌గ్రేడ్ నగర కమిటీ నాయకుడు ద్రాగిషా పావ్లోవిచ్, స్టాంబోలిచ్ మనిషి, కోసోవో విషయంలో తొందరపాటు వాగ్దానాలు ప్రమాదమని పత్రికా సంపాదకుల ముందు అన్నాడు. దాన్ని పార్టీ విధానానికి వ్యతిరేకంగా చూపించి మిలోషెవిచ్ చర్య కోరాడు. పావ్లోవిచ్‌కి అండగా స్టాంబోలిచ్ నగర కమిటీకి రాసిన ఉత్తరాన్ని సభలో బయటపెట్టి, కమిటీ మీద ఒత్తిడి తెస్తున్నాడన్నాడు. అప్పటిదాకా గుట్టుగా జరిగే కేంద్ర కమిటీ గొడవ టీవీలోకి ఎక్కింది. ఎవరు ఎటు మాట్లాడారో దేశమంతా చూస్తుంటే, గోడ మీద కూర్చున్నవాళ్లు గాలి ఎటుందో చూసి అటు దూకారు. పావ్లోవిచ్ పోయాడు. డిసెంబరులో స్టాంబోలిచ్‌ని కూడా సెర్బియా అధ్యక్ష పదవి నుంచి దించేశారు. పాతికేళ్ల స్నేహం.

తర్వాత అదే పద్ధతి వీధిలోకి వచ్చింది. కోసోవో సెర్బుల కష్టం పేరు మీద సభలు, వాటికి కార్మికులని బస్సుల్లో తరలించడం, సభ చివర స్థానిక నాయకత్వం రాజీనామా చేయాలని కేకలు. 1988 అక్టోబరు 5న వోయ్వొదీనా రాజధాని నోవిసాద్‌లో అసెంబ్లీ భవనం మీద పెరుగు ప్యాకెట్లు విసిరారు. తమాషా ఏంటంటే, గుంపుని చల్లబరచడానికి తినడానికని పంచిన ప్యాకెట్లే అవి. మర్నాడు నాయకత్వం రాజీనామా. అందుకే దానికి పెరుగు విప్లవమని పేరు. 1989 జనవరిలో మాంటెనెగ్రో నాయకత్వం అదే తీరున పడింది. మార్చి 23న చుట్టూ ట్యాంకులు నిలబడి ఉండగా కోసోవో అసెంబ్లీ తన స్వయంప్రతిపత్తిని తానే కోసుకునే సవరణలకి ఒప్పుకుంది.

ఇప్పుడు మళ్లీ బోర్డు మీద 8కి రండి. సెర్బియా 1, వోయ్వొదీనా 2, మాంటెనెగ్రో 3, కోసోవో 4. సంతకం ఒక్కరిదీ, ఓట్లు నాలుగు. స్లొవేనియా, క్రొయేషియా ఎందుకు భయపడ్డాయో ఈ కూడిక చూస్తే చాలు. స్వయంప్రతిపత్తి తీసేసినా ఆ రెండు ప్రాంతాల ఓట్లు మాత్రం తీసేయలేదు చూశారా, అక్కడే ఉంది కిటుకు.


కృష్ణలంక_కట్ట రాసింది:

పైన మాస్టారు బాగా చెప్పారు. ఒక చేర్పు, ఒక దిద్దుబాటు.

చేర్పు: 4 ఓట్లతో అడ్డం పడొచ్చు కానీ నిర్ణయం చేయించలేం, దానికి 5 కావాలి. ఈ ఒక్క ఓటు కథ 1991 మార్చిలో ఉంది. మార్చి 9న బెల్‌గ్రేడ్‌లో ప్రభుత్వ టీవీ అబద్ధాలకి వ్యతిరేకంగా ప్రతిపక్ష నాయకుడు వుక్ ద్రాష్కోవిచ్ పెద్ద ప్రదర్శన తీశాడు. ఇద్దరు చనిపోయారు, వీధుల్లోకి ట్యాంకులు దిగాయి. మూడు రోజులకి సైన్యం నాయకులు అధ్యక్ష మండలిని కూర్చోబెట్టి దేశమంతా అత్యవసర పరిస్థితి పెట్టమన్నారు. ఐదో ఓటు బోస్నియా ప్రతినిధి బొగిచ్ బొగిచెవిచ్ దగ్గర ఉంది. ఆయన సెర్బు. మనవాడే కదా, వేస్తాడనుకున్నారు. వేయలేదు. అంత ఒత్తిడి మధ్య ఒక మనిషి చెయ్యెత్తకపోవడం వల్ల సైన్యానికి చట్టబద్ధమైన ఆదేశం దొరకలేదు. ఇది చెబితే హాలు నిశ్శబ్దమైపోతుంది చూడండి.

దిద్దుబాటు: చాలామంది 1987 మాటనీ 1989 జూన్ 28 గాజిమెస్తాన్ ఉపన్యాసాన్నీ కలిపేస్తారు. రెండూ కోసోవోలోనే, కానీ వేరు. రెండోది 1389లో ఒట్టోమన్ తురుష్కులతో సెర్బులు చేసిన కోసోవో యుద్ధానికి 600 ఏళ్లు నిండిన సభ, లక్షల్లో జనం. అప్పటికి అధికారం చేతికొచ్చేసింది, అది విజయోత్సవం. ఉపన్యాసం పూర్తి పాఠంలో జాతుల సమానత్వం గురించీ ఉంటుంది, "సాయుధ పోరాటాలు ఇప్పుడు కావు, కానీ వాటిని కొట్టిపారేయలేం" అనే అర్థం వచ్చే మాటా ఉంటుంది. ఆయన్ని సమర్థించేవాళ్లు మొదటిది చదువుతారు, తిట్టేవాళ్లు రెండోది. మీరు రెండూ చదవండి.

ఇంకోటి, పెద్దవాళ్లు తప్పకుండా అడుగుతారు: "మరి పార్టీ ఏమైంది?" 1990 జనవరిలో యుగోస్లావ్ కమ్యూనిస్టుల 14వ మహాసభలో స్లొవేనియా ప్రతినిధులు లేచి వెళ్లిపోయారు, వెనకాలే క్రొయేషియావాళ్లు. మహాసభ అక్కడే ఆగిపోయింది. జూలైలో సెర్బియా కమ్యూనిస్టు లీగునీ దాని అనుబంధ ప్రజా సంఘాన్నీ కలిపి సోషలిస్టు పార్టీ అని బోర్డు మార్చారు. భవనాలు, ఫోన్లు, జీపులు, ఊరూరా కార్యదర్శులు అన్నీ అలాగే వారసత్వంగా వచ్చాయి. డిసెంబరు ఎన్నికల్లో ఆ పార్టీకి వచ్చినవి సుమారు 46 శాతం ఓట్లు, 250లో 194 సీట్లు. నియోజకవర్గానికి ఒక్కరే గెలిచే పద్ధతిలో చీలిన ప్రతిపక్షం ఉంటే ఏమవుతుందో మన వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. అధ్యక్ష పదవికి విడిగా జరిగిన పోటీలో ఆయనకి 65 శాతం. కాబట్టి "ప్రజల ఓటుతో గెలిచిన మనిషి కాదు" అన్నది 1990 దాకానే నిజం. ఆ పెద్దాయనకి మెల్లగా చెప్పండి.


పటమట_లెక్కలు రాసింది:

డబ్బు సంగతి నేను రాస్తాను.

మొదలు 1990 డిసెంబరు చివర. సెర్బియా అసెంబ్లీ రహస్యంగా ఒక చట్టం చేసి, ఫెడరల్ కేంద్ర బ్యాంకుకి చెప్పకుండా సుమారు 1800 కోట్ల దినార్లు పుట్టించింది. అప్పటి లెక్కలో 140 కోట్ల డాలర్లు. జీతాలు, పింఛన్లు ఆ డబ్బుతో ఇచ్చారు. మిగతా రిపబ్లిక్కులు ఇది తెలిసి, మన జేబులో చెయ్యి పెట్టేవాడితో ఒకే నాణెం ఎలా వాడతాం అన్నాయి. దేశం విరిగిపోవడానికి జెండాలంత కారణం ఈ పద్దు కూడా.

తర్వాత 1992 మే 30న, బోస్నియా యుద్ధం కారణంగా, ఐక్యరాజ్యసమితి ఆంక్షలు. ఎగుమతి లేదు, యుద్ధాల ఖర్చు ఆగలేదు, పన్నులు రావు. లోటు పూడ్చేది ముద్రణే. ఇక్కడ చాలామంది వదిలేసే మెలిక ఒకటుంది. ఇవాళ వేసిన పన్ను ఇరవై రోజుల తర్వాత ఖజానాకి చేరుతుంది. ఈలోగా దాని విలువ ఆవిరి. అంటే ద్రవ్యోల్బణం పెరిగేకొద్దీ పన్ను రాబడి తగ్గుతుంది, రాబడి తగ్గేకొద్దీ ఇంకా ముద్రించాలి. ఒక దశ దాటాక ఎవరూ ఆపలేరు.

అంకెలు: 1994 జనవరి ఒక్క నెలలో ధరల పెరుగుదల సుమారు 31 కోట్ల 30 లక్షల శాతం. ఈ అంకె విని ఎవరికీ ఏమీ అర్థం కాదు. రోజుకి 62 శాతం అని చెప్పండి, దాదాపు 34 గంటలకొకసారి ధర రెట్టింపు. ఇంకా దగ్గరగా చెప్పాలంటే గుంటూరు మిర్చి యార్డుకి తీసుకెళ్లండి. రైతు సోమవారం టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా వేయించాడు, డబ్బు వచ్చే సోమవారం ఇస్తామన్నారు. ఆ వారంలో చేతికొచ్చే డబ్బు విలువ 30వ వంతుకి పడిపోతుంది. 30 టిక్కీలు అమ్మి ఒక టిక్కీ డబ్బు తెచ్చుకున్నట్టు. అందుకే అక్కడి రైతులు ధాన్యం అమ్మడం మానేశారు, ఊళ్లలో తిండికి లోటు లేకపోయినా దుకాణాల్లో బల్లలు ఖాళీ. 1993 చివర్లో వచ్చిన పెద్ద నోటు మీద అంకె 50 వేల కోట్ల దినార్లు, బొమ్మ ఒక కవిది. పింఛను చేతిలో పడగానే పెద్దవాళ్లు వీధి చివర "దెవిజె, దెవిజె" అని గొణిగే మనిషి దగ్గరికి పరుగెత్తి జర్మన్ మార్కులు కొనేవాళ్లు. దెవిజె అంటే విదేశీ కరెన్సీ.

ఆ మార్కుల్ని మళ్లీ లాగడానికి రెండు ప్రైవేటు బ్యాంకులు తెరిచారు, దాఫిమెంట్, యుగోస్కాండిక్. విదేశీ కరెన్సీ డిపాజిట్ మీద నెలకి 10 శాతానికి పైగా వడ్డీ. కొత్త డిపాజిట్‌తో పాత వడ్డీ కట్టే వ్యవహారం. మన జిల్లాల్లో డిపాజిట్ కంపెనీల షట్టర్లు పడటం చూసినవాళ్లకి మిగతా కథ తెలుసు. 1993లో రెండూ కూలాయి. పరుపుల కింద దాచిన మార్కులు అలా బయటికొచ్చి దిగుమతులకీ పైవాళ్లకీ పోయాయి.

మరి ఎందుకు పడిపోలేదంటే, 1993 డిసెంబరు 19న, సరిగ్గా ఆ మంటల మధ్యలోనే, అసెంబ్లీ ఎన్నికలు పెట్టి 250లో 123 సీట్లు తెచ్చుకున్నాడు. టీవీలో కష్టాలన్నిటికీ ఆంక్షలే కారణం. ఫ్యాక్టరీ నడవకపోయినా ఉద్యోగం తీసేయలేదు, జీతం చిల్లరైనా పేరు రోల్స్‌లో ఉంది. ప్రతిపక్షం ఎప్పట్లాగే నాలుగు ముక్కలు. ఎన్నిక అయిన నెలకి, 1994 జనవరి 24న, ప్రపంచ బ్యాంకులో పనిచేసి వచ్చిన ద్రాగొస్లావ్ ఆవ్రామోవిచ్ అనే 74 ఏళ్ల ఆర్థికవేత్త కొత్త దినారు తెచ్చాడు. ఒక దినారు ఒక మార్కు, చేతిలో ఉన్న మార్కుల నిల్వ మేరకే ముద్రణ. ధరలు వారాల్లో ఆగిపోయాయి. అంటే ఆపడం ముందు నుంచీ చేతిలో పనే! జనం ఆయనకి తాతయ్య అని పేరు పెట్టుకున్నారు. 1996లో ఆ తాతయ్యనీ తీసేశాడు, ఇంకాస్త ముద్రిద్దామంటే ఒప్పుకోలేదని.


ఏలూరురోడ్డు రాసింది:

అందరికీ నమస్కారాలు. మిర్చి యార్డు లెక్క అలాగే ఎత్తుకుపోతున్నాను. ఒక్క సందేహం: కమిటీలు, ఓట్లు, నోట్లు అంటూ పోతే యుద్ధాల్లో పోయిన ప్రాణాలు పక్కకి జరగవా? 1999 తర్వాత పతనం ఎవరైనా రాస్తారా?


గుంటూరువారితోట రాసింది:

జరుగుతాయి, అందుకే అంకె చెప్పండి. బోస్నియా యుద్ధం ఒక్కదానిలోనే సుమారు లక్ష మంది. 1995 జూలైలో స్రెబ్రెనిత్సాలో బోస్నియా సెర్బు సైన్యం ముస్లిం పురుషుల్నీ మగపిల్లల్నీ సుమారు 8 వేల మందిని చంపింది. అదే ఏడాది నవంబరులో ఒహాయోలోని డేటన్ వైమానిక స్థావరంలో చర్చలకి కూర్చుని శాంతికర్తగా ఫొటో దిగాడు మిలోషెవిచ్. పక్కపక్కన ఈ రెండు తేదీలూ బోర్డు మీద ఉంటే మీరు వేరే వ్యాఖ్యానం చేయక్కర్లేదు.

పతనం 1996 నవంబరు నుంచి మొదలవుతుంది, 1999 నుంచి కాదు. మునిసిపల్ ఎన్నికల్లో బెల్‌గ్రేడ్, నిష్ లాంటి పెద్ద ఊళ్లు ప్రతిపక్షం గెలిచింది. కోర్టులు, కమిషన్లు ఆ ఫలితాల్ని కొట్టేశాయి. మూడు నెలలు రోజూ ఊరేగింపులు, రాత్రి ఏడున్నరకి టీవీ వార్తలు మొదలవగానే కిటికీల్లోంచి గిన్నెలు, పళ్లాలు మోగించడం. 1997 ఫిబ్రవరిలో ప్రత్యేక చట్టం చేసి ఊళ్లు అప్పగించాల్సి వచ్చింది. దీనితో ప్రతిపక్షానికి రెండు దక్కాయి. మునిసిపాలిటీల చేతిలో స్థానిక రేడియో, టీవీలు వచ్చాయి. ఫలితం దొంగిలిస్తారని ముందే తెలిసింది.

ఆ ఏడాది జూలైకి సెర్బియా అధ్యక్షుడుగా రెండు దఫాలు అయిపోయాయి, మూడోది కుదరదు. సెర్బియా, మాంటెనెగ్రో మిగిలిన ఫెడరేషన్‌కి అధ్యక్షుడయ్యాడు, పార్లమెంటు ఎన్నుకునే పదవి. 1998లో కోసోవోలో యుద్ధం ముదిరింది, 1999 మార్చి 24 నుంచి 78 రోజులు నాటో బాంబులు, జూన్‌లో మిలోషెవిచ్ సైన్యం కోసోవో వదిలింది. ఎవరి పేరు చెప్పి ఎక్కాడో వాళ్లే, కోసోవో సెర్బులు, ట్రాక్టర్ల మీద సామాన్లు వేసుకుని బెల్‌గ్రేడ్ దారి పట్టారు. బాంబులు పడుతుండగానే, మే 27న హేగ్‌లోని అంతర్జాతీయ యుద్ధ నేరాల ట్రిబ్యునల్ ఆయన మీద అభియోగం ప్రకటించింది. పదవి దిగితే జైలు అని ఆ రోజు నుంచీ తెలుసు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. 2000 జూలై 6న రాజ్యాంగం సవరించి అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకోవాలన్నాడు. 2001 జూలై దాకా పదవీకాలం ఉంది, అయినా సెప్టెంబరు 24కే ఎన్నిక. ఎవరూ బలవంతం చేయలేదు, ఆ తప్పు పూర్తిగా స్వయంకృతం. ప్రతిపక్షం చీలే ఉంటుంది, మాంటెనెగ్రో బహిష్కరిస్తుంది, కోసోవో బూత్‌ల్లో అడిగేవాడుండడు, ఇదీ ఆయన అంచనా. మొదటిది తప్పింది. 18 పార్టీలు కలిసి వోయిస్లావ్ కోష్టునిత్సా అనే లాయరుని నిలబెట్టాయి. కమ్యూనిస్టు కాదు, పడమటి దేశాల మనిషీ కాదు, బాంబుల్ని గట్టిగా తిట్టినవాడు. దేశద్రోహి అని ముద్ర వేయడానికి పట్టు దొరకలేదు. ఓట్పోర్ అనే విద్యార్థి ఉద్యమం కుర్రాళ్లు "గోతోవ్ యె", అంటే "పనయిపోయింది", అని రెండు మాటల స్టిక్కర్ గోడలకీ స్తంభాలకీ అంటించారు.

రిగ్గింగ్ ఎందుకు పారలేదో మన పోలింగ్ ఏజెంట్లకి ఒక్క ముక్కలో అర్థమవుతుంది: 17సి, అంటే బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం. మన దగ్గర ఏజెంటు ఆ కాగితం చేతికి రాకుండా బూత్ కదలడు కదా, అక్కడా బూత్ రికార్డు ప్రతి అన్ని పక్షాల సభ్యులకీ ఇవ్వాలి. ప్రతిపక్షం బూత్‌కొక మనిషిని కూర్చోబెట్టి, కాగితం తీసుకుని, ఆ రాత్రే కూడి ప్రకటించేసింది. మర్నాటి నుంచి పైన ఎవరు ఏ అంకె చెప్పినా జనం చేతిలో వేరే అంకె ఉంది. ఎన్నికల కమిషన్ కోష్టునిత్సాకి 48.96 శాతం వచ్చింది, 50 దాటలేదు, రెండో రౌండు అక్టోబరు 8న అంది. తర్వాత సవరించి ప్రకటించిన అధికారిక లెక్క 50.24, మిలోషెవిచ్‌కి 37.15. తేడా చూడండి, 50 గీత కింద ఒకటి, పైన ఒకటి. గెలిచినట్టు చూపించే ధైర్యం వాళ్లకీ లేకపోయింది, రెండు వారాల టైం కొనుక్కుందామని చూశారు.

ఆ రెండు వారాల్ని తినేసింది కొలుబారా బొగ్గు గని. సెప్టెంబరు 29న సుమారు 7,500 మంది గనికార్మికులు సమ్మెకి దిగారు. సెర్బియా కరెంటులో దాదాపు సగం ఆ బొగ్గు మీదే. అక్టోబరు 4న పోలీసులు గనిని ఆక్రమించబోతే చుట్టుపక్కల ఊళ్ల జనం వేలమంది వచ్చి పోలీసు వరసని తోసుకుని లోపలికెళ్లారు. కార్మికుల పార్టీ పేరుతో ఎదిగిన మనిషిని గనికార్మికులే నేలకి దించడం మీ పెద్దవాళ్లకి గుచ్చుకుంటుంది, గుచ్చుకోనివ్వండి. అదే రోజు రాజ్యాంగ న్యాయస్థానం ఎన్నికనే రద్దు చేసింది. మర్నాడు, అక్టోబరు 5న, చాచక్ లాంటి ఊళ్ల నుంచి లారీలు, బస్సుల వరసలు బెల్‌గ్రేడ్‌లోకి వచ్చాయి. పార్లమెంటు తగలబడింది, ప్రభుత్వ టీవీ భవనం జనం చేతికొచ్చింది. రహస్య పోలీసుల ప్రత్యేక దళం కమాండరుతో ప్రతిపక్ష నాయకుడు జోరాన్ జింజిచ్ ముందు రాత్రే మాట్లాడుకున్నాడు, దళం కదల్లేదు. 6వ తేదీ రాత్రి మిలోషెవిచ్ టీవీలో ఓటమి ఒప్పుకున్నాడు.

దీన్ని బుల్డోజర్ విప్లవం అంటారు గానీ ఫొటోలో ఉన్నది బుల్డోజర్ కాదు, రబ్బరు చక్రాల లోడరు. మన ఇసుక ర్యాంపుల్లో కనపడేదే.

అన్నట్టు నోవిసాద్‌లో పెరుగు ప్యాకెట్లు ఎగిరింది కూడా అక్టోబరు 5నే, సరిగ్గా 12 ఏళ్ల ముందు.


కృష్ణలంక_కట్ట రాసింది:

స్టాంబోలిచ్ ఏమయ్యాడో చెప్పకుండా ముగించొద్దు. 2000 ఆగస్టు 25న, ఎన్నికకి సరిగ్గా నెల ముందు, బెల్‌గ్రేడ్‌లోని కొషుత్న్యాక్ అడవిలో వ్యాయామానికి వెళ్లి మాయమయ్యాడు. 2003లో ఫ్రుష్కా గోరా కొండ మీద శవం బయటపడింది. చంపింది ప్రత్యేక దళం మనుషులని తేలి 2005లో శిక్షలు పడ్డాయి. 8వ సమావేశం చెప్పినప్పుడు ఆయన ఫొటో ఒకటి చూపించండి, చివర మళ్లీ అదే ఫొటో.


బ్రాడీపేట_4/14 రాసింది:

నాలుగో ప్రశ్న మిగిలింది, వాట్సాప్ "నిర్దోషి".

ముందు వరస. 2001 ఏప్రిల్ 1 తెల్లవారుజామున, ఇంటి చుట్టూ ఒకటిన్నర రోజు ముట్టడి తర్వాత, లొంగిపోయాడు. అప్పటి కేసు యుద్ధ నేరాలది కాదు, అధికార దుర్వినియోగం, డబ్బు మళ్లింపు. జూన్ 28న జింజిచ్ ప్రభుత్వం హేగ్‌కి పంపింది. మర్నాడు బ్రసెల్స్‌లో సహాయ దాతల సమావేశం, అక్కడ సుమారు 128 కోట్ల డాలర్లకి హామీలు. తనకి చెప్పలేదని కోష్టునిత్సా అలిగాడు. జూన్ 28 అంటే విదోవ్‌దాన్ అనే సెర్బుల పండుగ రోజు, గాజిమెస్తాన్ సభ జరిగిన రోజే. 2002 ఫిబ్రవరి 12న విచారణ మొదలు, కోసోవో, క్రొయేషియా, బోస్నియా కలిపి 66 అభియోగాలు, బోస్నియా విషయంలో జాతిహననం కూడా. లాయరు వద్దని తానే వాదించుకున్నాడు. గుండె జబ్బు, రక్తపోటు వల్ల వాయిదాల మీద వాయిదాలు. 2006 మార్చి 11న గదిలో చనిపోయి కనిపించాడు. తీర్పు రాలేదు, విచారణ మూసేశారు.

కాబట్టి "నిర్దోషిగా తేల్చింది" అన్నది తప్పు, "దోషిగా తేల్చింది" అన్నదీ తప్పే. ఈ ఫార్వర్డ్ పుట్టింది 2016 మార్చిలో బోస్నియా సెర్బుల నాయకుడు రదోవాన్ కరాజిచ్ మీద వచ్చిన తీర్పులోంచి. వేల పేరాల తీర్పులో ఒక చోట, బోస్నియాలో ముస్లింలనీ క్రొయేట్లనీ తరిమేసే ఉమ్మడి పథకానికి మిలోషెవిచ్ ఒప్పుకున్నాడనడానికి ఈ కేసులో పెట్టిన సాక్ష్యం చాలదు అన్నారు. అది కరాజిచ్ కేసు. మిలోషెవిచ్ తరఫు సాక్ష్యం, ఎదురు సాక్ష్యం అక్కడ ఎవరూ పెట్టలేదు. అదే తీర్పు మిలోషెవిచ్ బోస్నియా సెర్బులకి సరుకులు, ఆయుధాలు, మనుషులు అందించిన సంగతి కూడా చెప్పింది. ఆ వాక్యం మాత్రం ఫార్వర్డ్‌లో ఉండదు. తర్వాత మిలోషెవిచ్ రహస్య పోలీసు పెద్దలు స్టానిషిచ్, సిమతోవిచ్‌ల కేసులో 2021లో వచ్చిన తీర్పు ఉమ్మడి నేర పథకంలో మిలోషెవిచ్ పేరు చేర్చింది. ఇక దేశం విషయానికొస్తే, 2007 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం స్రెబ్రెనిత్సా జాతిహననం సెర్బియా చేసింది కాదంది, ఆపాల్సిన బాధ్యత మాత్రం నెరవేర్చలేదంది. ఒకటి వ్యక్తుల కోర్టు, ఒకటి దేశాల కోర్టు, రెండూ హేగ్‌లోనే. గ్రూప్-1 పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

సమయం ఇలా పంచుకోండి: 8 అంకె, 1974 రాజ్యాంగం 6 నిమిషాలు, 8వ సమావేశం నుంచి 4 ఓట్ల దాకా 10, ఒక్క ఓటు, యుద్ధాలు 7, డబ్బు 6, 2000 ఎన్నిక 8, హేగ్ 3. పాతికేళ్ల స్నేహం దగ్గర కాస్త ఆగండి. మ్యాప్ 1990 నాటిది పెట్టండి. ఇప్పటిది పెడితే 7 దేశాలు కనిపిస్తాయి, 8 ఓట్లు ఎక్కడున్నాయని వెతుక్కుంటారు. వోయ్వొదీనా, కోసోవో గీతలు సన్నగా ఉంటాయి, ముందే స్కెచ్ పెన్నుతో దిద్దుకుని వెళ్లండి.